పులుపు కావాలి దానికి

థర్మకోల్ పెట్టె కాజీపేట దాటి వచ్చేసరికి
డ్రై ఐస్ పిడికెడు మిగిలింది.
మూత తీస్తే పొగ బల్ల అంచుదాకా పాకి
నేలమీద పడి మాయమైంది.
ఓదెలు చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాడు.
"ఏది మేడం, సీసల ఏం లేదు గదా?"

ఉంది. పది మైక్రోగ్రాములు.
కంటికి ఆనదు.
నా రెండు నెలల ఫెలోషిప్పుకు మాత్రం బాగానే ఆనింది.

మనిషి జన్యువు, చిట్టెలుక కణం.
ఎక్కడో ఉక్కు డ్రమ్ములో, గులాబిరంగు నీళ్ళలో
ఆ కణాలు తమది కాని పాఠం అప్పజెబుతూ
దీన్ని వదిలాయి.
కాలమ్ తర్వాత కాలమ్ వడగట్టి
తొంభై ఐదు పాళ్ళు శుద్ధి అన్నారు.
తక్కిన ఐదు పాళ్ళ సంగతి కాగితం చెప్పదు.
మనిషిదే, కానీ ఏ మనిషి ఒంట్లోనూ ఒక పూట ఉండి ఎరగదు.
ఉండకూడదు కూడా. లేబుల్ మీద ఎర్రగా:
పరిశోధనకు మాత్రమే. మనుషులకు వాడరాదు.

దీనికి పులుపు కావాలి.
ఉత్త నీళ్ళలో ముడుచుకుని కూర్చుంటుంది.
పలుచటి పచ్చిపులుసంత పుల్లదనం తగిలితే
ఒళ్ళు విరుచుకుంటుంది.
కణంలో అలాంటి పుల్లటి గదులుంటాయి,
పాతవన్నీ తెచ్చి పడేసే గదులు.
అక్కడ చక్కెర గొలుసుల్ని ఒక్కో పూసా విప్పడం
దీని పని.

మే నెల. బయట నలభై నాలుగు.
ఇంక్యుబేటర్లో ముప్పై ఏడు.
హన్మకొండలో ఆ మధ్యాహ్నం
ఒంటి వేడంత చల్లటి చోటు అదొక్కటే.
కరెంటు పోయింది. జనరేటర్ దగ్గి దగ్గి అందుకుంది.

ప్లేటు నిండా తొంభై ఆరు గుంటలు.
మొదటి వరుస సీసాలోది, సరిచూసుకోడానికి.
తక్కినవి ఎంజీఎం నుంచి వచ్చిన ఎండు రక్తపు చుక్కలు.
పేర్లుండవు, అంకెలే.
లైటార్పి యూవీ దీపం వేస్తే
మొదటి వరుస భగ్గుమంది,
గ్యాస్ మంట అంచుకుండే నీలం.
చుక్కలూ వెలిగాయి, కొన్ని మెరిసి, కొన్ని మినుకుమని.
పదిహేడు వెలగలేదు.
మళ్ళీ పోశాను. ఇంకోసారి పోశాను.
పదిహేడు వెలగలేదు.

గాజుసామాను కడుగుతూ ఓదెలు అన్నాడు:
"భూపాలపల్లి పిల్లది గదా గది.
తండ్రి ఓపెన్‌కాస్టుల డంపర్ నడుపుతడు.
తొమ్మిది నెలలు నిండినయ్, మెడ నిలుస్తలేదు.
మొన్న మేడారం పోయి ఎత్తు బంగారం ఇచ్చిన్రట.
ఆరుంబావు కిలోలు."
ఆ ఊరు నాకు తెలియకూడదు.
ఆపాల్సింది. ఆపలేదు.

బెల్లాన్ని బంగారమని పిలిచే ఊళ్ళు ఇవి.
తక్కెట్లో ఒకవైపు బిడ్డ, ఒకవైపు బంగారం.
ముల్లు మధ్యకొచ్చి నిలబడే ఉంటుంది.
తొడకండలో, గుండెగోడలో
ఇంకో తక్కెడ ఎప్పుడో ఒరిగిపోయింది.
విప్పే చెయ్యి లేక
లోపలే పేరుకుంటున్న తీపి.

"సీసల ఇంకింత మిగిలింది గదా మేడం. గది ఆ పిల్లకు..."

కుదరదన్నాను. మనుషులకిచ్చేది వేరే,
దాని శుద్ధి వేరే, దాని ధర వేరే.
అయినా ఊరుకోక కాగితం మీద లెక్క వేశాను.
ఆరుంబావు కిలోల బిడ్డకు ఒక్క మోతాదంటే
ఇలాంటి సీసాలు పన్నెండు వేల ఐదు వందలు.
రెండు వారాలకోసారి. బతికినన్నాళ్ళు.
ఓదెలు వేళ్ళమీద ఏదో ఎంచబోయి
నల్లా కట్టేశాడు.

పోతూ పోతూ ఒక కాగితం పొట్లం నా చేతిలో పెట్టాడు.
ఆ తండ్రి ఇచ్చాడట.
ల్యాబులో తినకూడదు. వరండాలో నిలబడి నోట్లో వేసుకున్నాను.
బెల్లాన్ని కరిగించేది ఈ ఎంజైము కాదు, తెలుసు.
అయినా నాలుకమీద అది ఉన్నంతసేపూ
నా కండల్లో పుల్లటి గదులన్నీ
ఇండెంటు లేకుండా, బిల్లు రాకుండా
పనిచేసుకుపోతున్న చప్పుడు
విన్నట్టే ఉంది. సిగ్గేసింది.

లోపలికొచ్చి రిజిస్టరులో రాశాను:
పదిహేడు. చర్య లేదు. మరో శాంపిల్ అడగాలి.
వేళ్ళకింకా బంగారం జిగురు.
పెన్ను వదల్లేదు.